గాలి మారిన ఐదు నెలలు
2008లో అమెరికాయందు జరిగిన ఒక పోరు

ఎన్నికలు దగ్గరపడగానే మన యిండ్లలో "ఈసారి గాలి ఎటు వీచుచున్నది?" అను ప్రశ్న తప్పక వినబడును. ఆ గాలిని కన్నులార చూచినవారు లేరు. అయినను దానిని నమ్మి కొందరు ధైర్యము తెచ్చుకొందురు, కొందరు డీలాపడుదురు. ఎటు వీచిన అటే చేరువారును ఎల్లకాలమును ఉందురు. ఈ గాలి బలమెంత, దాని వెనుకనున్న లెక్క బలమెంత యని తెలిసికొనుటకు 2008వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన పోరును మించిన ఉదాహరణము మాకు కనబడలేదు. జనవరి మొదలు జూను వరకు ఐదు నెలలు సాగిన ఆ పోరులో గాలి ఎన్నిమారులు దిక్కు మార్చుకొనెనో! పోటీపడిన ఇరువురిలో ఒకరు స్త్రీ యగుటచేత మన సోదరీమణులకు ఆ కథ మరింత ఆసక్తి గొలుపునని తలంచి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఒక సంగతి. ఈ పోరు అధ్యక్షుని ఎన్నుకొనుటకు జరిగినది కాదు. అధ్యక్షపదవికి డెమోక్రాటిక్ పక్షము తరపున ఎవరు నిలువవలెనని ఆ పక్షమువారిలోనే జరిగినది. మన దేశమున అభ్యర్థిని నిర్ణయించువారు పార్టీ పెద్దలు. అమెరికాలోను 1968 వరకు చాలవరకు పెద్దల మాటయే చెల్లుచుండెను. ఆ యేట చికాగోలో జరిగిన మహాసభ రసాభాస కాగా, పక్షమువారు నియమములు మార్చి నిర్ణయాధికారమును రాష్ట్రములలోని సామాన్య ఓటర్ల కప్పగించిరి. నాటినుండి రాష్ట్రములు తమ తమ వంతు వచ్చిన దినమున అభిప్రాయము తెలుపుచున్నవి. అన్నియు ఒకేదినమున ఓటు వేసినచో గాలికి తావే యుండదు. నెలల తరబడి వరుసగా వేయుటచేతనే ముందువారు చేసినది చూచి వెనుకవారు మనసు మార్చుకొను అవకాశము కలుగుచున్నది.

రాష్ట్రమునకు ఇంతమంది ప్రతినిధులని ఒక లెక్క కలదు. నూటికి 15 ఓట్లయినను తెచ్చుకొన్న ప్రతివారికిని, వచ్చిన ఓట్లను బట్టి, ఆ ప్రతినిధులను పంచవలెనని డెమోక్రాటిక్ పక్షపు నియమము. గెలిచినవారికే అంతయు దక్కుననుట లేదు. వీరుగాక పక్షమునందలి కాంగ్రెసు సభ్యులు, గవర్నరులు మొదలగు పెద్దలు సుమారు 800 మంది 2008లో తమకు తోచినవారికి ఓటు వేయగలిగియుండిరి. ఈ పంపకపు నియమమును పాఠకురాండ్రు జ్ఞప్తియందుంచుకొందురు గాక. కథయంతయు దానిమీదనే నిలిచియున్నది.

శ్రీమతి హిల్లరీ క్లింటను అప్పటికి న్యూయార్కు రాష్ట్రపు సెనేటరు. ఆమె భర్త 1993 నుండి 2001 వరకు దేశాధ్యక్షుడుగా నుండెను. ఆమె తల్లి డొరొతీ రాడమ్ పుట్టినది 1919 జూను 4వ తేదీన. అమెరికా స్త్రీలకు ఓటుహక్కు నిచ్చు రాజ్యాంగ సవరణను సెనేటు ఆమోదించినది సరిగా ఆ దినముననే. అది అమలులోనికి వచ్చుటకు 1920 వరకు పట్టినది. స్త్రీకి దేశమంతట ఓటు లేనినాడు పుట్టిన తల్లి, తన కుమార్తె అధ్యక్షపదవికి పోటీచేయుట కన్నులార చూచెనన్న మాట. ఆమెకు ముందు ప్రయత్నించిన స్త్రీలు లేకపోలేదు. 1964లో రిపబ్లికన్ పక్షమున మార్గరెట్ ఛేజ్ స్మిత్, 1972లో డెమోక్రాటిక్ పక్షమున షర్లీ చిజమ్ నిలిచిరి. ఈ షర్లీ చిజమ్ పసిపిల్లల బడిలో పనిచేసి పైకి వచ్చినామె. అమెరికా కాంగ్రెసునకు ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ. మహాసభలో ఆమెకు 152 మంది ప్రతినిధులు ఓటు వేసిరి. అయినను వీరు గెలుతురని లోకము నమ్మలేదు. శ్రీమతి క్లింటను విషయమున అట్లుగాదు. 2007లో ఆమె గెలువదని అనువారే అరుదు.

ఎదుట నిలిచిన బరాక్ ఒబామా ఇల్లినాయి రాష్ట్రపు సెనేటరు. ఆ సభలో అడుగుపెట్టి మూడేండ్లే యైనది. తండ్రి కెన్యా దేశపు నల్లజాతివాడు, తల్లి కాన్సాసున పుట్టిన తెల్లజాతి స్త్రీ. బాల్యమున కొన్నియేండ్లు అమ్మమ్మ తాతల యింట పెరిగెను. ఇరువురి నడుమ సిద్ధాంతభేదము పెద్దగా లేదు. ఒక్క ఇరాకు యుద్ధము విషయమున మాత్రము కలదు: 2002 అక్టోబరులో యుద్ధమునకు అనుమతినిచ్చు తీర్మానమునకు ఆమె సెనేటులో ఓటు వేసెను, అదే నెలలో ఆయన చికాగోలో ఒక బహిరంగసభయందు ఆ యుద్ధమును ఖండించెను. ఐదేండ్లు గడచి యుద్ధముపై జనులకు విసుగు పుట్టిన తరువాత ఈ యొక్క భేదమే కొండంత యైనది.

మొదటి పరీక్ష అయోవా రాష్ట్రమున జనవరి 3వ తేదీన జరిగెను. అచ్చటి నాటి పద్ధతి చిత్రమైనది. దానిని కాకసు అందురు. గుప్తముగా ఓటు వేసి ఇంటికి పోవుట కాదు. చలికాలపు రాత్రి 7 గంటలకు ఇరుగుపొరుగువారందరును ఏ బడిలోనో ఏ చర్చిలోనో చేరుచుండిరి. ఒక్కొక అభ్యర్థిని కోరువారు ఒక్కొక మూల గుంపుగా నిలుచుచుండిరి. తలలు లెక్కపెట్టుచుండిరి. నూటికి 15 మంది లేని గుంపు చెదరి, తక్కినవారిలో ఎవరినైన చేరవలసియుండెను. అప్పుడు బ్రతిమాలుటలు, బుజ్జగింపులు, చేయిపట్టి లాగుటలు! మరల లెక్క. భర్త ఒక మూల, భార్య మరియొక మూల నిలిచిన యెడల ఊరందరి యెదుట బయటపడుచుండినది ఆ సంసారపు సంగతియే. రాత్రి కాలుకు సెలవు దొరకని నర్సులకు, హోటళ్లలో వడ్డనచేయు స్త్రీలకు, చంటిబిడ్డల తల్లులకు, మంచులో బయటికి రాలేని ముసలమ్మలకు ఈ పద్ధతి అనుకూలము కాదని శ్రీమతి క్లింటను పక్షమువారు తరువాత పలుమారు మొరపెట్టిరి. ఆ మొరలో న్యాయము లేకపోలేదని మా అభిప్రాయము. అయితే నియమము ముందే తెలిసినది. దానికి తగిన ఏర్పాటు ఒబామావారు చేసికొనిరి, ఈమెవారు చాలినంత చేసికొనలేదు. 2004లో సుమారు 1 లక్ష 25 వేలమంది వచ్చిన సభలకు 2008లో 2 లక్షల 39 వేలమంది వచ్చిరి. ఒబామాకు నూటికి 38 వంతులు వచ్చినవి. జాన్ ఎడ్వర్డ్స్ అను మూడవ అభ్యర్థికిని శ్రీమతి క్లింటనుకును 30కి కొంచెము అటునిటుగా వచ్చి, ఆమె వెంట్రుకవాసిలో మూడవస్థానమునకు దిగిపోయెను. స్త్రీలలో సయితము ఒబామాకే ఎక్కువ ఓట్లు పడినవి.

ఐదు దినములలో న్యూ హాంప్‌షైరు వంతు. గాలి యంతయు ఒబామావైపు మళ్ళినదని పత్రికలు ఏకకంఠముగా వ్రాసినవి. ముందుగా చేసిన లెక్కలలో ఆయన నూటికి ఎనిమిది వంతులు ముందుండెను. జనవరి 7వ తేదీన పోర్ట్‌స్మత్ పట్టణమున ఒక కాఫీదుకాణమున కొద్దిమంది స్త్రీలతో శ్రీమతి క్లింటను మాటలాడుచుండగా ఒకామె, ప్రతిదినమును ఇంత శ్రమకోర్చి ఎట్లు బయలుదేరుచున్నారు, మీ తల యెవరు దువ్వుదురు అని అడిగెను. జవాబు చెప్పుచు చెప్పుచు ఆమె గొంతు గద్గదమైనది, కన్నులు చెమర్చినవి. ఆ సాయంకాలమే సేలమ్ పట్టణపు సభలో ఇద్దరు మగవారు లేచి "మా చొక్కాలు ఇస్త్రీ చేయుము" అని కేకలు వేసిరి. మరునాడు ఆమె గెలిచెను! నూటికి 39 ఆమెకు, 36న్నర ఒబామాకు. తేడా సుమారు 7 వేల 500 ఓట్లు. స్త్రీలలో నూటికి 46 మంది ఆమెకును, 34 మంది ఆయనకును ఓటు వేసిరి.

కన్నీటిచుక్క ఎన్నికను గెలిపించినదని ఆ వారమంతయు పత్రికలలో వెలువడినది. ఇది మాకంతగా రుచింపలేదు. పురుషుడు గెలిచిన తెలివియనియు, స్త్రీ గెలిచిన కన్నీరనియు చెప్పుట పాత అలవాటు. ఆ రాష్ట్రమున ఆమె మనుష్యులు ఇంటింటికి తిరిగి ఓటర్లను పోగుచేసిరి. ఏ పక్షమునకును చెందని ఓటర్లలో అనేకులు ఆ దినము రిపబ్లికన్ పక్షపు పోటీలో ఓటువేయుటకు పోయిరి. తమ యీడు స్త్రీని నలుగురును కూడి అవహేళన చేయుట చూచి నడివయసు స్త్రీలకు రోషము వచ్చుటయు నిజమే. ఇన్ని కారణములు కలిసినవి. కాఫీదుకాణమున ఆ ప్రశ్న వేసినామె మాత్రము తాను ఒబామాకే ఓటు వేసితినని తరువాత చెప్పెను.

ఇంత హోరు జరిగిన పిమ్మట న్యూ హాంప్‌షైరు ప్రతినిధుల పంపకమెట్లున్నది? ఆమెకు 9, ఆయనకు 9.

జనవరి 19న నెవడాలో ఆమెకే ఎక్కువమంది మద్దతు లభించినది. జనవరి 26న సౌత్ కెరొలైనాలో గాలి తిరుగబడెను. అచ్చటి డెమోక్రాట్లలో సగముమంది నల్లజాతివారు, వారిలో స్త్రీలే ఎక్కువ. క్లింటను దంపతులయందు వారికి చిరకాలపు అభిమానము. నల్లజాతివానిని తెల్లవారెన్నుకొనుట కల్ల యని చాలమంది పెదవి విరుచుచుండిరి. దాదాపు తెల్లవారితోనే నిండిన అయోవా ఆయనను గెలిపించుటతో ఆ సందేహము తీరినది. ఆ స్త్రీల యిబ్బంది మన మూహింపదగినది. తమవలె స్త్రీ యైనామె ఒకవైపు, తమ జాతివాడు ఒకవైపు. ఏ హక్కును ముందు, ఏ హక్కును వెనుక పెట్టుట? పలువురు ఆయనవైపే మొగ్గిరి. ఆయనకు 55, ఆమెకు 27 వంతులు వచ్చినవి. తెల్లజాతి కుటుంబములలోను తల్లి క్లింటనుకు, కాలేజీలో చదువు కుమార్తె ఒబామాకు ఓటు వేయుట, అందుపై భోజనముల బల్లకడ వాదములు పెరుగుట ఆ చలికాలమున సామాన్యమైపోయినది. స్త్రీ నెన్నుకొను అదను నా జన్మమున మరల రాదని తల్లి; ఇప్పుడు కాకున్న ఇంకొకమారు వచ్చును, మంచి అభ్యర్థిని చూడుమని కుమార్తె.

ఫిబ్రవరి 5వ తేదీన ఒకేదినమున 22 రాష్ట్రములు ఓటు వేసినవి. కాలిఫోర్నియా, న్యూయార్కు, న్యూజెర్సీ, మసాచుసెట్సు వంటి పెద్ద రాష్ట్రములు ఆమెవి. సంఖ్యలో 13 రాష్ట్రములు ఆయనవి. ఎవరు గెలిచిరని అడిగిన ఎవరును చెప్పలేకపోయిరి. మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురముండు న్యూజెర్సీని, పడమట కొండలలోని ఐడహో రాష్ట్రమును పక్కపక్కన పెట్టి చూచినచో రహస్యము తెలియును. న్యూజెర్సీలో 11 లక్షలమందికి పైగా ఓటు వేసిరి. శ్రీమతి క్లింటను లక్షకు పైగా ఓట్ల ఆధిక్యముతో గెలిచెను, ప్రతినిధులు ఆమెకు 59, ఆయనకు 48, లాభము 11. ఐడహోలో కాకసునకు వచ్చినవారు సుమారు 21 వేలమంది. ఆమె అచ్చట దాదాపు ప్రయత్నమే చేయలేదు. ఆయన నూటికి 80 వంతులు కొనిపోయెను, ప్రతినిధులు ఆయనకు 15, ఆమెకు 3, లాభము 12! పెద్ద రాష్ట్రమున స్వల్పముగా గెలుచుటకంటె చిన్న రాష్ట్రమున విస్తారముగా గెలుచుట లాభమని ఒబామా లెక్కగాండ్రు ఏడాది ముందే గ్రహించిరి. సంసారము నడుపువారికి ఇది కొత్త సంగతి కాదు. పండుగనాటి పెద్ద ఖర్చులను అందరును చూతురు. నెల చివర లెక్క తేల్చునవి దినవెచ్చములే.

ఫిబ్రవరి 5తో పోరు ముగియునని నమ్మి శ్రీమతి క్లింటనువారు ఆపైకి ధనమును మిగుల్చుకొనలేదు. జనవరిలో ఆమె తన సొంతధనము 50 లక్షల డాలర్లు ప్రచారమునకు అప్పుగా నిచ్చినట్లు మరునాడు బయటపడెను. ఒబామాకు ఆ ఒక్క నెలలోనే 3 కోట్ల డాలర్లకు పైగా చందాలు వచ్చినవి. ఇక ఫిబ్రవరి 9 నుండి 19 వరకు లూసియానా, నెబ్రాస్కా, వాషింగ్టను, మెయిన్, వర్జీనియా, మేరీలాండు, విస్కాన్సిను, హవాయి అని వరుసగా పోటీలన్నిటను ఆయనే గెలిచెను. ఆమె తన ప్రచారమును నడుపుచున్న స్త్రీని తొలగించి మరియొక స్త్రీని నియమించెను. వాషింగ్టను రాష్ట్రపు సంగతి వినదగినది. ఫిబ్రవరి 9న అచ్చట కాకసు జరుగగా ఆయనకు 68, ఆమెకు 31 వంతులు వచ్చినవి. పది దినములకు అదే రాష్ట్రమున మామూలు ఓటింగు జరుగగా 51, 46! కాని ప్రతినిధులను నిర్ణయించినది కాకసు మాత్రమే. రెండవదానికి విలువ లేకపోయెను. ఈ పదునొకండు దినములలో ఒబామాకు కలిగిన లాభము సుమారు 120 మంది ప్రతినిధులు.

మార్చి 4న గాలి మరల ఆమెవైపు మళ్ళినది. అంతకు కొలది దినములకు ముందు ఆమె పక్షమువారు టెలివిజనులో ఒక ప్రకటన చూపిరి: రాత్రి 3 గంటలు, పిల్లలు నిద్రించుచున్నారు, అధ్యక్షభవనమున టెలిఫోను మ్రోగుచున్నది, ఎత్తునది ఎవరైన మేలు? తల్లుల గుండెలను తాకుటకే కల్పించిన ప్రశ్న. ఒహాయోలో ఆమె 2 లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యముతో గెలిచెను; టెక్సాసులోను గెలిచెను. దేశమంతట జయజయధ్వానములు. అయితే టెక్సాసులో అప్పుడు పగలు ఓటింగు, రాత్రి కాకసు అని రెండు విధములు ఉండెను. పగలు ఆమె గెలిచినది, రాత్రి ఆయన గెలిచెను. మొత్తముపై టెక్సాసు ప్రతినిధులు ఆయనకు 99, ఆమెకు 94. ఆ దినమున నాలుగు రాష్ట్రములలోను కలిపి ఆమెకు మిగిలిన లాభము నలుగురైదుగురు ప్రతినిధులను మించలేదు. వారము తిరుగకుండగనే వ్యోమింగు, మిసిసిపీలలో అదియు హరించిపోయినది.

తరువాత ఆరువారములు ఎచ్చటను ఓటింగు లేదు. నోరు జారుటలతో ఆ కాలము గడచెను. ఒబామా చర్చి గురువు చేసిన పరుషోపన్యాసములు బయటపడగా ఆయన మార్చి 18న ఫిలడెల్ఫియాలో జాతిభేదములనుగూర్చి దీర్ఘముగా ప్రసంగింపవలసివచ్చెను. 1996లో బోస్నియాలో తుపాకిగుండ్ల నడుమ విమానము దిగితినని శ్రీమతి క్లింటను చెప్పగా, ఆ నాటి చిత్రములలో గుండ్లకు బదులు స్వాగతము చెప్పుచున్న ఒక చిన్నపిల్ల కనబడెను. చిన్న ఊళ్ళ జనులు కసితో తుపాకులను, మతమును పట్టుకొని వ్రేలాడుచున్నారని ఒబామా అనిన మాట ఆయనకు చేటుచేసెను. ఏప్రిలు 22న పెన్సిల్వేనియాలో ఆమె తొమ్మిది వంతుల తేడాతో గెలిచెను. లాభము 12 మంది.

మే 6వ తేదీ రాత్రి నిజమైన తీర్పు వెలువడినదని మేము తలంచుచున్నాము. నార్త్ కెరొలైనాలో ఆయన 56, ఆమె 42. ఇండియానాలో ఆమె సులభముగా గెలుచునని అనుకొనగా, ఒక కౌంటీ లెక్క నడిరేయి దాటువరకు తెమలలేదు. తుదకు 12 లక్షలకు పైబడిన ఓట్లలో 14 వేల తేడాతో ఆమె బయటపడెను. ఆ రాత్రితో పత్రికలవారు గాలిమాట మాని లెక్క చూచిరి. వారము దినములలో వెస్ట్ వర్జీనియాలో ఆమెకు నూటికి 67 వంతులు వచ్చినవి. గాలి యని ఎవరును అనలేదు. నియమము తప్పి ముందుగా ఓటింగు జరుపుకొన్న ఫ్లారిడా, మిషిగనుల ప్రతినిధులకు సగము ఓటు చొప్పున ఇచ్చుటకు మే 31న పక్షమువారు తీర్మానించిరి. అదియు లెక్కను తారుమారు చేయలేదు.

జూను 3న కడపటి రెండు రాష్ట్రములలో సౌత్ డకోటా ఆమెకు, మాంటానా ఆయనకు వచ్చినవి. కావలసిన 2118 ఓట్లు ఆయనకు సమకూడినవి. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులలో ఇరువురికిని గల తేడా కడపట సుమారు 127. అందులో చాలభాగము ఫిబ్రవరిలో ఎవరును పెద్దగా లెక్కచేయని ఆ పదునొకండు దినములలోనిదే.

జూను 7న వాషింగ్టను నగరమున శ్రీమతి క్లింటను పోటీనుండి తప్పుకొనుచు ప్రసంగించెను. తల్లి డొరొతీ, కుమార్తె చెల్సీ ఆమెవెంట నుండిరి. స్త్రీలను పైకి పోనీయని కనబడని గాజుకప్పు పగులకపోయినను తనకు వచ్చిన ఓట్ల లెక్కన 1 కోటి 80 లక్షల బీటలు వారినదని చెప్పెను. వచ్చినవారిలో పలువురు స్త్రీలు కంటతడి పెట్టిరి. ఆగస్టు 27న డెన్వరు మహాసభలో రాష్ట్రములవారీగా ఓట్లు పిలుచుచుండగా, న్యూయార్కు వంతు రాగానే ఆమె తన రాష్ట్రపువారి నడుమ లేచి నిలిచి, లెక్క ఆపి ఒబామాను ఏకగ్రీవముగా ఎన్నుకొందుమని ప్రతిపాదించెను. నవంబరులో ఆయన అధ్యక్షుడయ్యెను. 2009లో ఆమె ఆయన మంత్రివర్గమున విదేశాంగశాఖను చేపట్టెను.

2016లో ఆమె మరల నిలిచినప్పుడు చిన్న రాష్ట్రములను, కాకసులను నిర్లక్ష్యము చేయలేదు. మొట్టమొదట అయోవాలోనే స్వల్పముగా గట్టెక్కెను. ఆ జూలైలో ఫిలడెల్ఫియా మహాసభ ఆమెను అభ్యర్థినిగా ఎన్నుకొన్నది; ఒక పెద్ద పక్షము స్త్రీని అధ్యక్షపదవికి నిలుపుట అమెరికాలో అదియే మొదలు. తల్లి డొరొతీ 2011లోనే కాలధర్మము నొందెను. నవంబరు ఎన్నికలో దేశమంతటను కలిపి ఎదిరికంటె 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు ఆమెకు వచ్చినవి. అయితే అధ్యక్షుని నిర్ణయించునది మొత్తపు ఓట్లు కావు, రాష్ట్రములవారీగా లెక్కించు నియోజకగణము. మిషిగను, విస్కాన్సిను, పెన్సిల్వేనియా మూడింటను కలిపి 80 వేలకు లోపు ఓట్లు తక్కువపడి ఆమె ఓడిపోయెను.